ఆరు వేల మీటర్ల పైన ఆవ చుట్టాలు

1955లో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కామెట్ శిఖరం ఎక్కడానికి ఒక భారతీయ సైనిక బృందం బయలుదేరింది. దాని నాయకుడు మేజర్ నరేంద్ర ధర్ జయాల్. అంతకు ముందు సంవత్సరమే డార్జిలింగ్‌లో మొదలైన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. కామెట్ ఎత్తు 7,756 మీటర్లు. దారిలో 6,400 మీటర్ల ఎత్తున, అంటే దాదాపు 21 వేల అడుగుల దగ్గర, మంచూ రాళ్లూ తప్ప మరేమీ ఉండవనుకునే చోట రెండు రకాల పూల మొక్కలు దొరికాయి. భూమ్మీద అన్నిటికంటే ఎత్తున పూచే మొక్కలంటూ గిన్నిస్ పుస్తకం జయాల్ పేరుతో వాటిని నమోదు చేసింది. ఒకటి రనంక్యులస్ లోబాటస్. రెండోది ఎర్మేనియా హిమాలయెన్సిస్. ఈ రెండోది మన పోపుల పెట్టెలోని ఆవాలకు చుట్టం.

ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ అన్నీ ఒకే కుటుంబం. వృక్షశాస్త్రంలో దాని పేరు బ్రాసికేసీ. ఇందులో దాదాపు 350 ప్రజాతులు, నాలుగు వేల జాతులు ఉన్నాయి. ఈ కుటుంబంలో పువ్వుకు సాధారణంగా నాలుగు రేకులు, అవి శిలువలా అమరి ఉంటాయి. ఆరు కేసరాల్లో నాలుగు పొడవుగా, రెండు పొట్టిగా ఉంటాయి. ఆవకాయ కలిపేటప్పుడు ముక్కుపుటాలదిరేలా చేసే ఘాటు గ్లూకోసినోలేట్లు అనే రసాయనాల నుంచి పుడుతుంది. ఆ రసాయనాలు కూడా ఈ కుటుంబానికి గుర్తే.

వంటింట్లోకి వచ్చినవి ఈ నాలుగు వేలల్లో గుప్పెడే. మిగిలినవన్నీ అడవి మొక్కలు. వాటిలో చాలా వాటికి చలి ప్రాంతాలూ ఎత్తైన కొండలే ఇల్లు. హిమాలయాలు, ఆల్ప్స్, ఆండీస్, రాకీ పర్వతాలు, ఉత్తర ధ్రువ ప్రాంతం, ఎక్కడ చెట్లు ఆగిపోతాయో అక్కడి నుంచి వీటి రాజ్యం మొదలవుతుంది. ఈ కుటుంబంలో అన్నిటికంటే పెద్ద ప్రజాతి డ్రాబా. దాదాపు 390 జాతులున్న ఈ ప్రజాతి మొక్కలు ఎక్కువగా కొండ మీది రాళ్ల సందుల్లో, నేలను కరుచుకుని పెరిగే చిన్న మొక్కలే.

అంత ఎత్తున పెరిగే ఇంత చిన్న మొక్కల గురించి మనిషికి తెలిసిన దానిలో చాలా భాగం హెర్బేరియంల నుంచి వచ్చింది. ఎండబెట్టిన మొక్కలను దళసరి కాగితం మీద అతికించి, తరాల తరబడి భద్రపరిచే చోటును హెర్బేరియం అంటారు. ప్రపంచంలో ఇలాంటివి మూడు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో ఉన్న షీట్లు దాదాపు 40 కోట్లు. లండన్ దగ్గరి క్యూ తోటలోనే 70 లక్షల దాకా ఉన్నాయి. మన దేశంలో అన్నిటికంటే పెద్దది హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియం. అక్కడ దాదాపు 20 లక్షల నమూనాలున్నాయి. హిమాలయ మొక్కలకు డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ హెర్బేరియం కూడా చాలా ముఖ్యమైనది.

ఒక షీటు మీద ఏముంటుంది?

మొక్కను వేరుతో సహా తీసి, ఆకులు పరిచి, కాగితాల మధ్య పెట్టి బరువు కింద అదుముతారు. తడి పీల్చుకున్న కాగితాలను రోజూ మార్చాలి. మొక్క పూర్తిగా ఎండాక షీటుకు అతికిస్తారు. రాలిన గింజలనూ రేకులనూ చిన్న కాగితపు కవరులో వేసి అదే షీటు మీద ఒక మూల ఉంచుతారు. కింద కుడి వైపున లేబుల్ ఉంటుంది. ఎక్కడ దొరికింది, ఎంత ఎత్తున, ఏ తేదీన, ఎవరు సేకరించారు, వారి సేకరణలో దాని సంఖ్య ఎంత అన్నవి అందులో రాస్తారు. లేబుల్ లేని షీటు శాస్త్రానికి దాదాపు పనికిరాదు.

ఆవ కుటుంబంలో ఒక చిక్కుంది. పువ్వులన్నీ ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి పువ్వును చూసి జాతిని చెప్పడం కష్టం. కాయ పొడవా, గుండ్రమా, చదునా, లోపల గింజలు ఒక వరుసలో ఉన్నాయా రెండు వరుసల్లోనా అన్నది చూడాలి. డ్రాబాలో అయితే అదీ చాలదు. ఆకు మీది నూగును కటకం కింద పెట్టాలి. ఒక జాతిలో ఆ వెంట్రుక సూటిగా ఉంటుంది, ఒక దానిలో రెండుగా చీలుతుంది, మరో దానిలో నక్షత్రంలా విచ్చుకుంటుంది. ఎండిపోయిన మొక్కలో రంగు వెలిసిపోతుంది గానీ ఈ నూగు వందేళ్లు దాటినా చెక్కుచెదరదు. అందుకే పువ్వుతో పాటు పక్వమైన కాయ కూడా ఉన్న నమూనా దొరికితే ఈ కుటుంబం మీద పనిచేసేవారికి పండగే. ఎత్తైన కొండల మీద వేసవి కొద్ది వారాలే కాబట్టి రెండూ ఒకే మొక్క మీద దొరకడం అరుదు.

పేర్లు మారినా షీటు ఒకటే

జయాల్ బృందానికి దొరికిన ఎర్మేనియా శాస్త్రానికి అప్పటికే ఒక శతాబ్దంగా తెలుసు. దాని కథ విక్టర్ జాక్‌మాఁ అనే ఫ్రెంచి యువకుడితో మొదలవుతుంది. పారిస్‌లోని ప్రకృతి విజ్ఞాన మ్యూజియం కోసం మొక్కలూ రాళ్లూ సేకరించడానికి ఆయన 1829లో కలకత్తా చేరాడు. అక్కడి నుంచి పశ్చిమ హిమాలయాల్లోకి, ఆ పైన కాశ్మీరుకు వెళ్లాడు. 1832 డిసెంబరులో, 31 ఏళ్ల వయసులో, జబ్బుతో బొంబాయిలో చనిపోయాడు. ఆయన కట్టిన మూటలు మాత్రం పారిస్ చేరాయి. అక్కడ కాంబెసెడ్ అనే శాస్త్రజ్ఞుడు వాటిని పరిశీలించి, ఒక ఆవ జాతి మొక్కకు కైరాంథస్ హిమాలయెన్సిస్ అని పేరు పెట్టాడు.

ఆ తర్వాత అదే మొక్క ఎర్మేనియా అయింది, ఒకప్పుడు క్రిస్టోలియాలో చేరింది, 2000లో డెసిడేరియాకు మారింది, ఇంకొన్నాళ్లకు సోల్మ్స్-లౌబాకియాలోకి వెళ్లింది. కొత్త ఆధారం దొరికిన ప్రతిసారీ నిపుణులు ఆ మొక్కకు అసలు చుట్టాలెవరో తిరిగి తేల్చారు. పేరు మారినప్పుడు హెర్బేరియంలో పాత పేరును కొట్టేయరు. నిపుణుడు తన నిర్ణయాన్ని చిన్న చీటీ మీద రాసి, సంతకం చేసి, సంవత్సరం వేసి పాత లేబుల్ పక్కన అతికిస్తాడు. ఇంటి దస్తావేజు మీద చేతులు మారిన ప్రతిసారీ పడిన సంతకాల్లా ఆ చీటీలు ఒకదాని పక్కన ఒకటి నిలిచిపోతాయి. పేరుకు ఆధారమైన తొలి నమూనాను టైప్ అంటారు. ఏ దేశంలో ఎవరికి అనుమానం వచ్చినా ఆ షీటు దగ్గరికే రావాలి. జాక్‌మాఁ చేత్తో తీసిన మొక్కలు అలా నేటికీ సాక్ష్యం చెబుతున్నాయి.

అడుగుల్లో రాసిన ఎత్తులు

జాక్‌మాఁ తర్వాత హిమాలయ మొక్కల సేకరణలో పెద్ద అడుగు వేసినవారు ఇద్దరు మిత్రులు, జోసెఫ్ డాల్టన్ హుకర్, థామస్ థామ్సన్. థామ్సన్ 1847-48లో లద్దాఖ్ మీదుగా కారకోరం కనుమ దాకా వెళ్లాడు. హుకర్ 1848 నుంచి సిక్కింలో తిరిగి, 18 వేల అడుగులు దాటిన డోంకియా కనుమ ఎక్కాడు. నీరు ఎంత వేడికి మరుగుతుందో థర్మామీటరుతో కొలిచి ఎత్తును లెక్కగట్టేవాడు. ఎత్తు పెరిగే కొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది కదా. వానల్లో కాగితాలు ఆరక, మంట దగ్గర ఆరబెట్టుకుంటూ వారు పోగుచేసిన నమూనాలు తర్వాత ప్రపంచంలోని అనేక హెర్బేరియంలకు పంపిణీ అయ్యాయి. 1861లో ఇద్దరూ కలిసి భారతదేశపు ఆవ కుటుంబం మీద ఒక ప్రత్యేక రచన ప్రచురించారు. కాండమే లేనట్టు నేల మీద పరుచుకుని పూసే పెగియోఫైటన్ స్కాపిఫ్లోరం వంటి మొక్కలు శాస్త్రానికి పరిచయమైంది అందులోనే.

ఆ షీట్ల మీది అచ్చు లేబుళ్లు ఈనాటి పరిశోధకుడికి సంతోషాన్నీ చిక్కునూ ఒకేసారి తెచ్చిపెడతాయి. ప్రాంతం 'పశ్చిమ టిబెట్' అనీ, ఎత్తు '14 నుంచి 18 వేల అడుగులు' అనీ ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్య 1,200 మీటర్ల తేడా. కొండ మీద అంత తేడా అంటే వాతావరణమే వేరు. ఒక్కోసారి వేర్వేరు చోట్ల తీసిన మొక్కలను ఒకే లేబుల్ కింద పెట్టడమూ జరిగింది. ఆనాడు వారి ప్రశ్న ఒక్కటే, ఈ కొండల మీద ఏ మొక్కలున్నాయి అని. ఆ ప్రశ్నకు ఆ లేబుల్ సరిపోయింది.

మన కాలం అడిగే ప్రశ్న వేరు. భూమి వేడెక్కుతుంటే ఈ మొక్కలు పైకి జరుగుతున్నాయా? జవాబుకు వెనకటి కొలత కావాలి. హిమాలయాల్లో దాన్ని అందించినవాడు హుకర్. ఆయన 1849-50లో రాసిపెట్టిన వివరాలను ఆధారం చేసుకుని, భారతీయ పరిశోధకుల బృందం ఒకటి 2007-10 మధ్య ఉత్తర సిక్కిం లోయలను మళ్లీ సర్వే చేసింది. ఆ ప్రాంతానికే పరిమితమైన 124 రకాల మొక్కలను పరిశీలిస్తే 87 శాతం తాము పెరిగే ఎత్తు మార్చుకున్నాయి. సగటున పదేళ్లకు 27.5 మీటర్ల చొప్పున పైకి జరిగాయి. 2013లో ప్రచురితమైన ఈ ఫలితం ఆవ కుటుంబం ఒక్కదాని గురించే కాదు, ఎన్నో కుటుంబాల మొక్కల గురించి. నూట అరవై ఏళ్ల నాటి సేకరణ లేకపోతే ఆ అంకె పుట్టేదే కాదు.

లద్దాఖ్‌లో ఇద్దరు శాస్త్రజ్ఞులు, రెండు మొక్కలు

ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లో చెక్ శాస్త్రజ్ఞుడు లియోష్ క్లిమేష్ తూర్పు లద్దాఖ్ ఎడారి కొండలను ఓపిగ్గా గాలించాడు. ఎవరూ మొక్కల కోసం వెళ్లని ఎత్తులకు వెళ్లి నమూనాలు తెచ్చాడు. వాటిలోని ఒక ఆవ జాతి మొక్కను ఇరాక్‌లో పుట్టి అమెరికాలోని మిస్సోరి బొటానికల్ గార్డెన్‌లో స్థిరపడిన ఇహ్సాన్ అల్-షేబాజ్ పరిశీలించాడు. ఆవ కుటుంబం మీద ప్రపంచం ఆయన మాటనే ప్రమాణంగా తీసుకుంటుంది. అది శాస్త్రానికి కొత్త జాతి అని గుర్తించి, 2002లో అలిసం క్లిమేషీ అని సేకరించినవాడి పేరు పెట్టాడు. 2008లో క్లిమేష్, జర్మన్ అనే పేరున్న మరో శాస్త్రజ్ఞుడితో కలిసి, లద్దాఖ్‌లోనే దొరికిన కొత్త డ్రాబాకు డ్రాబా అల్-షేబాజీ అని పేరు పెట్టి ఆ గౌరవాన్ని తిరిగి ఇచ్చాడు.

2009లో క్లిమేష్ అవే కొండల్లో కనిపించకుండా పోయాడు. మరుసటి ఏడాది జర్మన్, అల్-షేబాజ్ ఆయన పేరున్న మొక్కను ఇంకా లోతుగా పరిశీలించి, అది అలిసం కాదని తేల్చారు. ఏ పాత ప్రజాతిలోనూ ఇమడని ఆ మొక్క కోసం లద్దాఖ్ పేరుతో కొత్త ప్రజాతినే ఏర్పాటు చేశారు. ఇప్పుడు దాని పేరు లడాకియెల్లా క్లిమేషీ.

క్లిమేష్ మొదలుపెట్టిన పని అక్కడితో ఆగలేదు. చెక్ పరిశోధకులు త్సో మొరిరి సరస్సు దగ్గరి షుకులే కొండ మీద 6,150 మీటర్ల ఎత్తున ఆరు రకాల పూల మొక్కలు పెరుగుతున్నట్టు కనుగొన్నారు. ఒకటి గడ్డి, రెండు చామంతి కుటుంబానివి. మిగిలిన మూడూ ఆవ కుటుంబానివే. డ్రాబా అల్-షేబాజీ, డ్రాబా ఆల్టాయికా, లడాకియెల్లా క్లిమేషీ. పేర్లు ఇచ్చిపుచ్చుకున్న ఇద్దరు శాస్త్రజ్ఞుల మొక్కలూ ఆ కొండ కొమ్మున పక్కపక్కనే పెరుగుతున్నాయి.

2003లో చూసిన చోట్లకు 2013లో మళ్లీ వెళ్లి, వేళ్ల అడ్డుకోతల్లో వలయాలు లెక్కపెట్టి మొక్కల వయసు తేల్చి, 2016లో వారు ఫలితాలు ప్రకటించారు. మొక్కలు ఎడతెగకుండా పెరిగే హద్దు కంటే 150 మీటర్ల పైకి కొన్ని జాతులు పాకాయి. వేడి పెరగడమే కారణమన్న అంచనాకు మొక్కల వయసు కూడా బలమిచ్చింది. అయితే కథ ఒకే దిక్కుగా నడవలేదు. 2010 వేసవిలో కురిసిన అసాధారణ మంచు వల్ల కావచ్చు, చాలా చోట్ల మొక్కలు బాగా తగ్గిపోయాయి. పగలు మంచు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టడం పదేపదే జరిగితే అంత ఎత్తున ఉన్న మొక్కలకు ప్రాణం మీదికి వస్తుంది. వేడెక్కితే మొక్కలన్నీ తిన్నగా పైకి వెళ్లిపోతాయనే లెక్క సరిపోదని లద్దాఖ్ చూపించింది.

పుప్పొడి చెప్పే రహస్యం

షీట్లు ఎత్తుల కథే కాదు, మొక్కల పుట్టుక కథా చెబుతాయి. అమెరికా పశ్చిమాన రాకీ పర్వతాల్లో బోచెరా అనే ఆవ ప్రజాతి ఉంది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు టీగె బోచర్ గౌరవార్థం 1970లలో ఆ పేరు పెట్టారు. గ్రీన్‌లాండ్ మొక్కల మీద పనిచేస్తూ, వీటిలో కొన్ని ఫలదీకరణ లేకుండానే పిండాన్ని తయారుచేసుకుంటాయని ఆయన కనిపెట్టాడు. అలాంటి విత్తనం మొలిస్తే తల్లికి అచ్చమైన నకలు వస్తుంది. మామూలు పద్ధతిలో విత్తనం కట్టే బోచెరా జాతులు డెబ్భైకి పైగా ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి పుట్టిన సంకరాలు వందల సంఖ్యలో, ఇలా నకళ్లుగా కొండలంతా వ్యాపించాయి. బయటికి చూస్తే దేన్నీ పోల్చుకోలేం. దశాబ్దాల పాటు ఈ ప్రజాతి వృక్షశాస్త్రజ్ఞులకు తలనొప్పిగా ఉండిపోయింది.

ముడి విప్పింది ఎండిన షీట్లే. మామూలు పద్ధతిలో పునరుత్పత్తి చేసే మొక్కల పుప్పొడి రేణువులు సన్నగా, కోలగా, ఒకే తీరుగా ఉంటాయి. నకళ్ల పుప్పొడి వెడల్పుగా, వంకరటింకరగా ఉంటుంది. ఎన్నో ఏళ్ల కిందటి షీటు నుంచి ఒక్క కేసరం తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ మొక్క ఏ రకమో తెలిసిపోతుంది. ఆ తర్వాత మైకేల్ విండమ్ వంటి శాస్త్రజ్ఞులు వేల షీట్ల నుంచి చిటికెడు ఆకు తీసి, డీఎన్‌ఏ గుర్తులు చదివి, ఏ సంకరానికి తల్లిదండ్రులు ఎవరో తేల్చారు. ఆ షీట్లలో చాలా వాటిని సేకరించిన నాటికి డీఎన్‌ఏతో ఇలాంటి పని చేయవచ్చనే ఆలోచన ఎవరికీ లేదు.

2023లో ఆవ కుటుంబం మొత్తానికీ కొత్త వంశవృక్షం వెలువడింది. 349 ప్రజాతుల్లో 319 అందులో చేరాయి. ఇన్ని దేశాల కొండలెక్కి తాజా మొక్కలు తేవడం ఏ బృందానికీ సాధ్యం కాదు. అందుకే వారు హెర్బేరియం షీట్ల మీదే ఎక్కువగా ఆధారపడ్డారు.

ఇప్పుడు కావలసింది

ఇంత ఉపయోగం ఉన్నా హెర్బేరియంల పరిస్థితి భద్రంగా లేదు. విండమ్ పనిచేసిన డ్యూక్ విశ్వవిద్యాలయం తన హెర్బేరియాన్ని మూసేస్తామని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. అందులో దాదాపు 8.25 లక్షల నమూనాలున్నాయి. ప్రపంచవ్యాప్తంగా శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. షీట్లు మరో చోటికి వెళ్లినా, వాటిని ఎరిగిన మనుషులు చెదిరిపోతే పోయేది చాలా ఉంటుంది.

మన దేశంలో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 2022లో ఇండియన్ వర్చువల్ హెర్బేరియం పేరుతో దాదాపు లక్ష షీట్ల చిత్రాలను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. తిరుపతిలోనో వరంగల్‌లోనో చదివే విద్యార్థి ఇప్పుడు హౌరా వెళ్లకుండానే ఒక హిమాలయ మొక్క నమూనానూ, దాని లేబుల్‌నూ తెర మీద చూడవచ్చు. ఇది నిజంగా పెద్ద మార్పు. కానీ హౌరాలో ఉన్నవే 20 లక్షలు. చిత్రం తీశాక చేతిరాతలు చదవాలి, మారిపోయిన ఊర్ల పేర్లు పోల్చాలి, అడుగులను మీటర్లలోకి మార్చాలి, పాత పేరుకు కొత్త పేరు జత చేయాలి. ఇది యంత్రానికి వదిలేసే పని కాదు. వర్గీకరణ శాస్త్రం నేర్చిన యువకులు కావాలి, వారికి స్థిరమైన ఉద్యోగాలు కావాలి.

కొత్త సేకరణా ఆగకూడదు. చేతిలోని ఫోను పువ్వును అందంగా పట్టుకుంటుంది గానీ, డ్రాబా ఆకు మీది నూగునూ కాయలోని గింజల వరుసనూ చూపించలేదు, వందేళ్ల తర్వాత డీఎన్‌ఏ ఇవ్వలేదు. అనుమతి తీసుకుని, మొక్కల గుంపుకు హాని లేకుండా, అవసరమైనంత మేరకే తీసిన నమూనా ఒక్కటైనా హెర్బేరియం చేరాలి. ఈనాటి సేకరణకర్త దగ్గర హుకర్‌కు లేని సాధనాలున్నాయి. ఉపగ్రహాల సాయంతో అక్షాంశ రేఖాంశాలు ఖచ్చితంగా చెప్పగలడు, ఎత్తును కొద్ది మీటర్ల తేడాతో రాయగలడు, వాలు ఏ దిక్కుకు ఉందో, నేల రాయా ఇసుకా, పక్కన ఏ మొక్కలున్నాయో, ఆ గుంపులో ఎన్ని ఉన్నాయో చేర్చగలడు. షుకులే కొండ మీద 6,150 మీటర్ల దగ్గరున్న ఆ మూడు ఆవ జాతి మొక్కలు 2050 నాటికి ఎక్కడ ఉంటాయో తేల్చాల్సిన వారికి ఇప్పుడు రాసే లేబులే తొలి కొలత అవుతుంది.